కబడ్డీలో మా పాపకు రెండుసార్లు తలకు దెబ్బ తగిలింది. పెద్దయ్యాక మతిమరుపు వస్తుందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను అర్థం చేసుకున్నది ముందు చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి.

మీది చిత్తూరు. పాపకు 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడుతుంది, లెఫ్ట్ కార్నర్ డిఫెండర్. నవంబరులో ఒక మ్యాచ్‌లో రైడర్ మోకాలు కణతకు తగిలి కాసేపు దిమ్మ తిరిగింది. నీళ్లు కొట్టుకుని ఆట పూర్తి చేసింది. మళ్లీ 12 రోజుల కిందట ప్రాక్టీసులో తోటి అమ్మాయి తల, మీ పాప తల గుద్దుకున్నాయి. స్పృహ తప్పలేదు, కానీ అడిగిందే మళ్లీ మళ్లీ అడిగింది, ఒకసారి వాంతి చేసుకుంది. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. ఇప్పటికీ పుస్తకం పట్టుకున్న పది నిమిషాలకే తల పట్టేస్తోంది, ట్యూబ్‌లైటు వెలుతురు పడటం లేదు. వచ్చే వారం సెలక్షన్స్. మీరు ముఖ్యంగా అడిగినవి రెండు: ముందు ముందు మెదడు జబ్బు ఏమైనా వస్తుందా, ఆట మాన్పించేయాలా?

నేను తిరుపతిలో న్యూరాలజీ డాక్టర్‌ని, ఇరవై ఏళ్లు దాటింది. స్కూల్లో నేనూ కబడ్డీ ఆడినవాణ్ణే.

సూటిగా జవాబు: ఒకటి రెండు దెబ్బలు పూర్తిగా మానితే, వాటివల్ల పెద్దయ్యాక మతిమరుపు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఆ భయంతో ఇప్పుడే ఆట మాన్పించక్కర్లేదు. కానీ వచ్చే వారం సెలక్షన్స్‌కు మాత్రం పంపొద్దు. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. పాప మెదడు ఇంకా మానలేదు. మానని మెదడుకు మళ్లీ దెబ్బ తగలడమే అసలు ప్రమాదం.

ఎందుకో వివరంగా చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

మన పెద్దవాళ్లు 'మూగదెబ్బ' అనేవాళ్లు గుర్తుందా? పైకి గాయం ఉండదు, రక్తం రాదు, లోపల మాత్రం దెబ్బ ఉంటుంది. కంకషన్ అంటే మెదడుకు తగిలిన మూగదెబ్బ. ఒకాయన కొడుకును తీసుకొచ్చి, 'సార్, కొండమీద గుండు కొట్టించినప్పుడు తలంతా తడిమి చూశాను, ఎక్కడా చిన్న బొప్పి కూడా లేదు, మరి వీడికి తలనొప్పి ఎందుకు?' అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. చూడాల్సిన చోటు పైన లేదు, అంతే.

గిన్నెలో తోడుపెట్టిన పెరుగును బండి మీద పెట్టుకుని వెళ్తున్నారనుకోండి. సడన్ బ్రేక్ వేస్తే గిన్నెకు సొట్ట పడదు, మూత ఊడదు. లోపల పెరుగు మాత్రం విరిగి నీళ్లు తేలుతుంది. పుర్రె లోపల నీటిలో తేలుతూ ఉండే మెదడు పరిస్థితీ అదే. తల ఒక్కసారిగా ఆగినా, ముఖ్యంగా గిర్రున తిరిగినా, లోపల మెదడు మెలిపడుతుంది. అందులోని సన్నని నరాల తీగలు సాగుతాయి. కణాల లోపలి పొటాషియం బయటికి, బయటి క్యాల్షియం లోపలికి పోతుంది. మళ్లీ సర్దుకోవడానికి మెదడుకు మామూలు కంటే ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. పది నిమిషాలు చదివితే మీ పాపకు తల పట్టేయడం బద్ధకమూ కాదు, నటనా కాదు. లోపల శక్తి చాలడం లేదు.

సీటీ స్కాన్‌లో ఇదేదీ కనపడదు. ఆ స్కాన్ చేసేది పుర్రె పగిలిందా, లోపల రక్తం గడ్డ కట్టిందా అని చూడటానికి. అవి లేవని తెలిసింది, చాలా మంచిది. కానీ 'స్కాన్ నార్మల్' అంటే 'ఆడొచ్చు' అని కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల నా దగ్గరికి వచ్చిన పిల్లలను లెక్కపెట్టలేను. స్పృహ తప్పలేదు కాబట్టి ఏం కాలేదనుకోవడమూ అంతే. కంకషన్ అయిన పదిమందిలో ఒకరికి కూడా స్పృహ తప్పదు.

ఇక మీ అసలు భయం దగ్గరికి వద్దాం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1928లోనే మార్ట్‌ల్యాండ్ అనే అమెరికా డాక్టరు, ఏళ్ల తరబడి తలకు గుద్దులు తిన్న బాక్సర్లు తాగినవాళ్లలా తూలడం, మాట ముద్దగా రావడం గమనించి రాశాడు. తర్వాత అమెరికన్ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడేది) వంతు వచ్చింది. 2002లో మైక్ వెబ్‌స్టర్ అనే పేరున్న ఆటగాడు చనిపోతే, బెనెట్ ఒమాలు అనే డాక్టరు ఆయన మెదడును పరీక్షించి అందులో 'టౌ' అనే ప్రోటీన్ అసహజంగా పేరుకుపోయి ఉండటం చూశాడు. ఈ జబ్బునే క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ అంటారు, పొట్టిగా సీటీఈ. మెదడు ముడతల అడుగున, చిన్న రక్తనాళాల చుట్టూ ఆ ప్రోటీన్ పేరుకుంటుంది. మతిమరుపు, విపరీతమైన కోపం, దిగులు, పోనుపోను డిమెన్షియా, అంటే మతి క్షీణించడం, వస్తాయి. చనిపోయాక మెదడును కోసి చూస్తే తప్ప దీన్ని ఖాయంగా చెప్పలేం. కాబట్టి ఎవరైనా ఎంఆర్ఐ చూసి 'మీ పాపకు సీటీఈ ఉంది' అంటే నమ్మొద్దు.

2017లో వచ్చిన ఒక అంకె మీరూ ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడిన 111 మంది మెదళ్లను బోస్టన్‌లోని ఒక బృందం పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ కనపడింది. చదవగానే గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ మెదళ్లు ఎవరివి? చాలావరకు, బతికుండగానే ఏదో తేడా గమనించి కుటుంబాలు పరిశోధనకు ఇచ్చినవి. జ్వరం వార్డులో థర్మామీటర్ పెట్టి ఊరంతా జ్వరమే అనలేం కదా.

నాకు అంతకంటే ముఖ్యంగా అనిపించినవి అదే బోస్టన్ బృందం తర్వాత చేసిన పరిశోధనలు. 2020లో వాళ్లు చెప్పింది, ఆ ఆటను ఎన్నేళ్లు ఆడితే ముప్పు అంత పెరుగుతుందని, సుమారు 2.6 ఏళ్లకు రెట్టింపవుతుందని. 2023లో 631 మంది మెదళ్లు చూసి ఇంకోటి తేల్చారు. ఎన్ని కంకషన్లు అయ్యాయన్న లెక్క కంటే, ఆడిన అన్నేళ్లలో తల మీద మొత్తం ఎంత దెబ్బ పడిందన్నదే సీటీఈతో ముడిపడి ఉంది. దిమ్మ తిరిగేంత పెద్ద దెబ్బలు రెండు మూడు కాదు, ఏళ్ల తరబడి పడ్డ చిన్న దెబ్బల మొత్తం అన్నమాట.

మనకు తెలిసిన మామూలు ఫుట్‌బాల్‌లోనూ అంతే. 2019లో గ్లాస్గోకు చెందిన విల్లీ స్టీవర్ట్ బృందం 7,676 మంది స్కాట్లాండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లను, అదే వయసు, అలాంటి బతుకే ఉన్న 23,028 మంది మామూలు మనుషులతో పోల్చింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ. తర్వాత చూస్తే బంతిని తలతో ఎక్కువగా కొట్టే డిఫెండర్లలో ఇంకా ఎక్కువ, గోల్‌కీపర్లలో తక్కువ. ఇదే పరిశోధనలో గుండెజబ్బుతో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోవడం మాత్రం ఆటగాళ్లలో తక్కువ. ఈ రెండో సగాన్ని వార్తల్లో ఎవరూ రాయరు. నేను మాత్రం ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను. ఆట మాన్పించి పిల్లను ఫోన్ ముందు కూర్చోబెట్టడం మెదడుకు మేలు చేసే పని కాదు. బీపీ, షుగర్, ఊబకాయం కూడా మెదడును తినేసేవే. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు మనం సరిచేసుకోగల 14 కారణాలను చెప్పింది. వాటిలో తలకు దెబ్బ ఒకటి, శరీరానికి వ్యాయామం లేకపోవడం ఇంకొకటి.

ఇప్పుడు వీటి పక్కన మీ పాపను పెట్టి చూడండి. రెండు దెబ్బలు. వయసు 16. కబడ్డీలో తల తగలడం జరుగుతుంది, కానీ బాక్సింగ్‌లోలా తలే గురి కాదు, ఫుట్‌బాల్‌లోలా తలతో కొట్టడం ఆటలో భాగం కాదు. అందుకే పెద్దయ్యాక ఏమవుతుందోనన్న టెన్షన్ ఇప్పుడు మీకు అక్కర్లేదంటున్నాను. ఆ ఆందోళనంతా తెచ్చి వచ్చే నాలుగు వారాల మీద పెట్టండి, అది పాపకు పనికొస్తుంది.

నాలుగు వారాలు ఎందుకంటే, పెద్దవాళ్లకు చాలావరకు 10 నుంచి 14 రోజుల్లో తగ్గుతుంది, పిల్లలకు నాలుగు వారాల దాకా పట్టొచ్చు. ఆడపిల్లలకు కొందరిలో ఇంకాస్త ఆలస్యమవుతుంది. మీ పాపకు ఇంకా 12 రోజులే, కాబట్టి 'తగ్గడం లేదు' అని అప్పుడే కంగారు పడకండి.

అయితే ఈ గడువును పాడుచేసేది ఒకటుంది. దెబ్బ తగిలాక కూడా ఆడటం. 2016లో అమెరికాలో 69 మంది కుర్ర ఆటగాళ్లను చూశారు. దెబ్బ తగలగానే బయటికి వచ్చేసినవాళ్లకు సగటున 22 రోజుల్లో తగ్గింది. ఆట కొనసాగించినవాళ్లకు 44 రోజులు పట్టింది. 'ఇంకో పది నిమిషాలే కదా' అని ఆడినందుకు మూడు వారాలు! నవంబరులో మీ పాప నీళ్లు కొట్టుకుని ఆడేసింది కదా. అప్పుడు తలనొప్పి ఎన్ని రోజులుంది, పూర్తిగా పోయిందా, ఏదైనా దాచిందా? కోప్పడకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. టీంలోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు తప్పకుండా దాస్తారు.

నా మనసులోంచి పోని ఒక అబ్బాయి ఉన్నాడు. పలమనేరు వైపు పల్లె, 17 ఏళ్లు, మంచి రైడర్. సంక్రాంతి టోర్నమెంటులో లైట్ల కింద మ్యాచ్. డిఫెండర్లు చేతులు పట్టుకుని కట్టిన చైన్ కిందనుంచి దూరి డుబ్కీ కొట్టబోతే ఎవరిదో మోకాలు తల వెనక తగిలింది. లేచాడు, నడిచాడు, కానీ నడిచింది ఎదుటి జట్టు వైపు. అందరూ నవ్వారట. మరుసటి రోజు తలనొప్పి ఉన్నా మాత్ర వేసుకుని ఊరుకున్నాడు, మూడో రోజు ఫైనల్ ఆడాడు. అక్కడ తగిలింది చిన్న దెబ్బే, భుజం తగిలి పడ్డాడు, తల నేలకు కూడా గట్టిగా తగల్లేదని చూసినవాళ్లు చెప్పారు. నా దగ్గరికి వచ్చేసరికి మార్చి. 'సంవత్సరంలోని నెలలు వెనక నుంచి చెప్పు' అన్నాను. డిసెంబర్, నవంబర్, అక్టోబర్ అని ఆగి, నా టేబుల్ మీదున్న క్యాలెండర్ వైపు చూశాడు. తర్వాత వాళ్ల నాన్న వైపు చూశాడు. కళ్లలో నీళ్లు. ఆ ఏడాది పరీక్షలు పోయాయి. మామూలు మనిషి కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు బాగున్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. మెదడు మానుతుంది, కానీ దాని టైం దానికి ఇవ్వాలి.

మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచిపోయి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కూడా ఉంది, ముఖ్యంగా ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో. చాలా అరుదు. 2011లో ఉత్తర ఐర్లాండ్‌లో 14 ఏళ్ల పిల్లవాడు స్కూలు రగ్బీ మ్యాచ్‌లో ఇలాగే చనిపోయాడు. భయపెట్టడానికి కాదు, 'సెలక్షన్స్ ఒక్కరోజే కదా సార్' అన్న మాటకు నేనెందుకు ఒప్పుకోనో తెలియాలని చెబుతున్నాను.

కోచ్ గారు 'చూడటానికి బాగానే ఉంది కదా' అంటే క్రికెట్ ఉదాహరణ చెప్పండి, త్వరగా అర్థమవుతుంది. 2019 ఆగస్టులో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. పరీక్షలు చేశారు, బాగానే ఉన్నాడన్నారు, మళ్లీ వచ్చి బ్యాటింగ్ కూడా చేశాడు. మరుసటి రోజు లక్షణాలు బయటపడ్డాయి. అతని బదులు లబుషేన్ దిగాడు, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. ప్రపంచంలో మంచి డాక్టర్లు పక్కనే ఉన్నచోట కూడా అప్పటికప్పుడు తెలియలేదు. మన గ్రౌండ్లలో ఉండేది ఒక ఐస్ డబ్బా, ఒక స్ప్రే.

మరి ఇప్పుడేం చేయాలి? 'చీకటి గదిలో పడుకోబెట్టండి' అని నేనే ఒకప్పుడు చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పను. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ నిపుణులంతా కూర్చుని ఒప్పుకున్నదేమిటంటే, మొదటి 24 నుంచి 48 గంటలు ఇంట్లో చిన్నచిన్న పనులతో విశ్రాంతి, ఫోన్ తగ్గించడం, ఆ తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టడం. పూర్తిగా మంచంలో ఉంచితే ఆలస్యంగా మానుతుంది. 2019లో కుర్ర ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగంలో, లక్షణాలు పెరగనంత మేర రోజూ తేలికపాటి వ్యాయామం చేసినవాళ్లు 13 రోజుల్లో కోలుకున్నారు, ఒట్టి స్ట్రెచింగ్ చేసినవాళ్లకు 17 రోజులు పట్టింది.

మీ పాప రేపటి నుంచే పొద్దున ఎండ ముదరకముందు పదిహేను ఇరవై నిమిషాలు నడవొచ్చు. తలనొప్పికి పదికి ఎన్ని మార్కులో ముందు అడగండి, నడిచాక అడగండి. రెండు మార్కుల కంటే ఎక్కువ పెరిగితే ఆ రోజుకు ఆపేయాలి, రేపు తగ్గించి మళ్లీ నడవాలి. కొంచెం పెరిగి గంటలో దిగిపోతే ఫర్వాలేదు.

చదువు ముందు, ఆట తర్వాత. కొన్ని ఇంటర్ కాలేజీల్లో పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ ఉంటాయి, దెబ్బ తగిలిన మెదడుకు అంతకంటే శిక్ష లేదు. పదిహేను నిమిషాలు చదవడం, పది నిమిషాలు కళ్లు మూసుకోవడం. కిటికీ వైపు కాకుండా ట్యూబ్‌లైటు నేరుగా పడని చోట కూర్చోవడం. వారం పది రోజులు సగం పూట కాలేజీ. ఇవి రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. చాలామంది ఒప్పుకుంటారు. నోటితో చెబితేనే మర్చిపోతారు.

చదువు మామూలు అయ్యాక ఆట మెట్లు మెట్లుగా. నడక, తర్వాత జాగింగ్, తర్వాత ఒంటరిగా ఫుట్‌వర్క్, తర్వాత ఎవరినీ పట్టుకోకుండా జట్టుతో డ్రిల్స్, తర్వాత పూర్తి ప్రాక్టీసు, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు, లక్షణాలు వస్తే ఒక మెట్టు వెనక్కి. జట్టుతో డ్రిల్స్ మొదలుపెట్టే ముందు డాక్టరు చూసి ఒప్పుకోవాలి. ఆలోగా లక్షణాలన్నీ పూర్తిగా పోవాలి, మాత్ర వేసుకుని అణిచిపెట్టినవి లెక్కలోకి రావు. తొందరపడొద్దనడానికి ఇంకో కారణం ఉంది. కంకషన్ తర్వాత కొన్ని నెలలు మోకాలు, చీలమండ గాయాలు కూడా ఎక్కువగా అవుతాయి. బ్యాలెన్స్ పూర్తిగా రాకపోవడమే కారణమనిపిస్తుంది.

కొండకు నడిచి వస్తామని మొక్కుకున్నారా? చాలామంది మొక్కుకుంటారు. వెంటనే వద్దు. పాప జాగింగ్ మెట్టు దాటాక, ముందు గాలిగోపురం దాకా ఎక్కి చూడండి. బాగుంటే అలిపిరి 3,550 మెట్లూ మరోసారి ఎక్కొచ్చు. మీ ఇంట్లో దిష్టి తీస్తే తీయండి, పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. తలకు గట్టిగా మర్దన మాత్రం చేయించొద్దు, మెడ విరవడం అసలొద్దు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లడం మన జిల్లాల అలవాటు, తలకు, మెడకు మాత్రం అక్కడికి కాదు.

నాలుగు వారాలు దాటినా తలనొప్పి, తల తిరగడం పోకపోతే 'మెదడు పాడైపోయింది' అనుకోవద్దు. చాలాసార్లు అప్పటికి బాధపెట్టేది మెదడు కాదు. ఒక బ్యాడ్మింటన్ అమ్మాయికి ఆరు వారాలైనా తగ్గలేదు. కొండకు బస్సులో వెళ్తే ఘాట్ రోడ్డు రెండో మలుపుకే వాంతులు, మంచం మీద పక్కకు తిరిగితే గది గిర్రున తిరిగేది. తల్లి ఏడుస్తూ తీసుకొచ్చింది. పరీక్షిస్తే లోపలి చెవిలోని సన్నని రేణువులు చోటు మారాయి, మెడ కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. తలను ఒక క్రమంలో తిప్పి ఆ రేణువులను సర్దే పద్ధతి ఉంది. అది రెండుసార్లు, మెడకు ఫిజియోథెరపీ మూడు వారాలు. అంతే, తగ్గిపోయింది. మైగ్రేన్, నిద్ర పట్టకపోవడం, దిగులు కూడా ఇలాగే కంకషన్ వెనక దాక్కుంటాయి, ప్రతిదానికీ మందు ఉంది.

పెద్దవాళ్లలోనూ ఇది చూశాను. అరవై దాటిన ఒకప్పటి కబడ్డీ ఆటగాడు, వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాడు. పేర్లు మర్చిపోతున్నాడు, అరికాళ్లు తిమ్మిర్లు. 'కుర్రతనంలో తిన్న దెబ్బలు ఇప్పుడు బయటపడ్డాయి సార్' అని తనే తీర్మానించుకుని వచ్చాడు. రక్తపరీక్షలో విటమిన్ బీ12 బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక మూడు నెలలకు మనిషి మారిపోయాడు. మతిమరుపు కనపడగానే పాత దెబ్బ మీదికి తోసేస్తే ఇలా నయమయ్యే జబ్బులు చేజారిపోతాయి.

ఈ గుర్తుల్లో ఏది కనపడినా ఫోరంలో అడగొద్దు, 108కి ఫోన్ చేయండి: అంతకంతకూ పెరిగే తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, లేపినా లేవనంత మత్తు, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో బలహీనం కావడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటిది కారడం, కంటిపాపలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది కావడం. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఇంకా దగ్గర. 1998లో మన క్రికెటర్ రమణ్ లాంబా ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డప్పుడు బంతి తలకు తగిలింది. లేచి తనే నడుచుకుంటూ బయటికి వచ్చారు. మూడు రోజులకు చనిపోయారు. లోపల రక్తస్రావమయ్యేవాళ్లు కాసేపు బాగానే ఉంటారు, అందుకే దెబ్బ తగిలిన మొదటి రాత్రి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. మీ పాప ఆ దశ దాటింది. కానీ ఇది చదివే ఇంకొకరికి ఉపయోగపడొచ్చు.

హెల్మెట్ గురించి కూడా అడిగారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల పెరుగు కదలకుండా ఆపలేదు. కబడ్డీలో దానికంటే పనికొచ్చేది పట్టు నేర్చుకోవడం. యాంకిల్ హోల్డ్‌కు, అంటే రైడర్ చీలమండ పట్టుకోవడానికి డైవ్ చేసేటప్పుడు, తల రైడర్ మోకాలికి ఎదురుగా పోకుండా పక్కకు ఉండాలి, చూపు కిందికి వాలకూడదు. కార్నర్ ఆడే పిల్లకు ఇది రోజూ పది నిమిషాలు చెప్పాలి. మెడ కండరాలకు వ్యాయామం కూడా చేయించాలి. మట్టి కోర్టు గట్టిపడి ఉంటే మ్యాట్ మీద ప్రాక్టీస్ చేయించడం మేలు.

ఇక రెండో ప్రశ్న, పూర్తిగా మాన్పించడం ఎప్పుడు? 'మూడుసార్లు అయితే మానేయాలి' అని ఒక లెక్క తిరుగుతోంది. అలాంటి అంకె ఏదీ లేదు. నేను చూసేవి వేరు. దెబ్బ చిన్నదవుతున్నా లక్షణాలు పెద్దవవుతున్నాయా? ప్రతిసారీ మానడానికి ముందుకంటే ఎక్కువ రోజులు పడుతోందా? మధ్యలో కూడా పూర్తిగా బాగోవడం లేదా? చదువు, నిద్ర, కోపతాపాలు పాత దారికి రాలేదా? వీటిలో ఒకదానికి 'అవును' అన్నా కూర్చోబెట్టి మాట్లాడతాను, రెండుకు అంటే ఆట మార్చుకోమంటాను. ఆస్ట్రేలియా బ్యాటర్ విల్ పుకోవ్‌స్కీ ఎంతో భవిష్యత్తు ఉన్నవాడు, వరుస కంకషన్ల వల్ల 27 ఏళ్లకే, 2025లో ఆటకు స్వస్తి చెప్పాడు. అలాంటి నిర్ణయం తేలికేం కాదు, కానీ మీ పాప ఇంకా ఆ గడప దాకా రాలేదు.

ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. రోజూ రాత్రి పాప చేతే నాలుగు ముక్కలు రాయించండి: ఎన్ని గంటలు నిద్రపోయింది, తలనొప్పికి పదికి ఎన్ని, ఎంతసేపు చదవగలిగింది, ఎంత దూరం నడిచింది. రెండు వారాల తర్వాత దాన్ని పట్టుకుని మీకు దగ్గర్లో ఉన్న న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఇంకో స్కాన్ కంటే ఆ నోట్‌బుక్ మాకు ఎక్కువ చెబుతుంది.

కోచ్ గారితో మాట్లాడటానికి మొహమాటంగా ఉందన్నారు కదా. ఈ నాలుగు వాక్యాలు తెల్లకాగితం మీద రాసి, మీరు సంతకం పెట్టి పాప చేత కాకుండా మీరే స్వయంగా ఇవ్వండి:

'సార్, మా అమ్మాయికి తలకు దెబ్బ తగిలి ఇంకా మానలేదు. డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకునే దాకా ప్రాక్టీసుకు గానీ సెలక్షన్స్‌కు గానీ పంపలేను. తగ్గాక తనను మళ్లీ చూసే అవకాశం ఇవ్వమని కోరుతున్నాను. అప్పటిదాకా తను సాయంత్రాలు వచ్చి గీత బయట కూర్చుని జట్టు ఆట చూస్తుంది, దయచేసి కోర్టులోకి దిగనివ్వకండి.'